నాన్న లాప్‌టాప్‌లో మళ్ళీ రేడియో మోగింది: విండోస్ 7 మీద ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్

ముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో విండోస్ 7 లాప్‌టాప్ ఉండి, అందులో నెట్ నుంచి పాటలూ రేడియో ప్రవచనాలూ వినబడటం మానేశాయంటే, దాన్ని అటకెక్కించే ముందు ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ అనే బ్రౌజర్ (నెట్ పేజీలు తెరిచే ప్రోగ్రామ్) వేసి చూడండి. డబ్బు పెట్టక్కర్లేదు, ఒక పూట ఓపిక చాలు. మూడు నెలలుగా మా నాన్న లాప్‌టాప్‌లో రోజూ అదే నడుస్తోంది, నాకు దాని మీద నమ్మకం కుదిరింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. అయితే బ్రౌజర్ వేసినంత మాత్రాన అన్నీ వాటంతటవే సర్దుకోలేదు. విండోస్‌లోనూ కొన్నిచోట్ల మార్చాల్సి వచ్చింది. అవి కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది బ్రౌజర్ మార్చి, ఇంకా గరగర వస్తుంటే ఇది కూడా పనికిరాదనుకుని తీసేస్తారు.

మాది తెనాలి. నాన్న హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, ఆకాశవాణి విజయవాడ కేంద్రం పెట్టుకుని వినడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. రేడియో సెట్టు ఇంకా ఉంది కానీ, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్ వచ్చాక మీడియం వేవ్‌లో ఒకటే రొద, మాట కూడా సరిగ్గా తెలియదు. అందుకని 2011లో కొన్న లాప్‌టాప్‌కి రెండు చిన్న స్పీకర్లు తగిలించి దాన్నే రేడియోగా చేసుకున్నారు. 2 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, 32 బిట్ విండోస్ 7. స్పేస్ బార్ మీద ఆయన బొటనవేలు ఆనేచోట ప్లాస్టిక్ అరిగిపోయి గచ్చులా మెరుస్తుంటుంది. ఫోన్‌లో వినొచ్చు కదా అని చాలామంది అన్నారు. ఆయనకి చూపు కొంచెం తక్కువ, చిన్న తెర మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియక టెన్షన్ పడతారు. లాప్‌టాప్‌లో అయితే ఏ బొమ్మ ఎక్కడుందో చేతికే తెలుసు.

కార్తీకమాసం మొదట్లో ఒకరోజు పొద్దున రేడియో పేజీ తెరుచుకుంది, ప్లే నొక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉంది తప్ప మాట లేదు. రెండు రోజులు అలాగే చూసి, సంచిలో పెట్టుకుని ఊళ్ళోనే ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళారు. అక్కడి అబ్బాయి ఒక వీడియో పెట్టి చూసి, “సౌండ్ కార్డు పోయింది మాస్టారూ, అది బోర్డులోనే ఉంటుంది, విడిగా దొరకదు, బోర్డు చేయించాలంటే మూడు వేలు అవుతుంది, అదైనా ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేమండీ, కొత్తది తీసేసుకోండి” అన్నాడట. ఆ రాత్రి నాన్న హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి, “అమ్మాయ్, దీని గొంతు పోయిందట” అన్నారు. ఆయన గొంతులో దిగులు విని నాకే బాధేసింది.

నేను ఒక్కటే అడిగాను. “నాన్నా, ఆన్ చేసినప్పుడు విండోస్ మొదలయ్యే మోత వస్తోందా?”

“అది వస్తోందమ్మా. పాటలే రావడం లేదు.”

అంతే, సంగతి తేలిపోయింది. మోత వస్తోందంటే సౌండ్ కార్డు బాగున్నట్టే, స్పీకర్లు బాగున్నట్టే. డిస్క్‌లో ఉన్న ఎంపీ3 పాట ఒకటి వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో పెట్టమన్నాను, అదీ మోగింది. అంటే జబ్బు బ్రౌజర్‌లో ఉంది. దయచేసి ఈ రెండు పరీక్షలూ చేయకుండా ఎవరికీ మూడు వేలు ఇవ్వకండి. బ్రౌజర్ ఒక్కదానిలోనే శబ్దం రాకపోవడం వేరు, మెషీన్ మొత్తం మూగబోవడం వేరు. రెండో దానికైతే డ్రైవరో, హెడ్‌ఫోన్ పిన్ను పెట్టే రంధ్రంలో దుమ్మో, నిజంగానే బోర్డో కారణం కావచ్చు. మొదటి దానికి ఇవేవీ కాదు.

ఆ వారాంతం బస్సెక్కి ఊరికి వెళ్ళాను. నాన్న అప్పటిదాకా వాడుతున్న బ్రౌజర్ పేరు ఇక్కడ అనవసరం. ఎప్పుడో ఎవరో వేసి పెట్టినది, అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్ళు దాటింది. అది ఎందుకు మూగబోయిందో అర్థమైతే మిగతాదంతా తేలిక. ఒకప్పుడు నెట్‌లో పాటంటే ఒక ఎంపీ3 ఫైలు, బ్రౌజర్ దాన్ని తెచ్చి వినిపించేది. ఇప్పుడు చాలా లైవ్ రేడియోలు శబ్దాన్ని కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి పంపుతాయి, పేజీలో ఉండే జావాస్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) ఆ ముక్కలను వరసగా తెచ్చి అతికి బ్రౌజర్‌కి అందిస్తుంది. ఆ స్క్రిప్ట్ కొత్త పద్ధతిలో రాసి ఉంటే పాత బ్రౌజర్‌కి మొదటి లైన్లలోనే అర్థంకాక ఆగిపోతుంది. బటన్ బొమ్మ మాత్రం తెర మీద ఉంటుంది, దాని వెనక పనిచేసేది ఏమీ ఉండదు. నాన్నకు గుండ్రంగా తిరుగుతూ కనిపించింది అదే.

ఇంకో కారణం సర్టిఫికెట్లు, అంటే ఒక సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కి చూపే గుర్తింపు పత్రాలు. నెట్‌లో లెక్కలేనన్ని సైట్లకు సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు మొదట్లో ఆధారపడ్డ ఒక రూట్ సర్టిఫికెట్‌కి (మిగతావాటికి హామీగా నిలిచే మూల పత్రానికి) 2021 సెప్టెంబర్ 30తో గడువు తీరిపోయింది. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌లో, ఆ విండోస్ దగ్గరున్న రూట్ సర్టిఫికెట్ల జాబితానే నమ్ముకున్న బ్రౌజర్లలో అలాంటి సైట్లు తెరుచుకోకుండా పోవచ్చు, లేదా పేజీ తెరుచుకున్నా శబ్దం వచ్చే సర్వర్ దగ్గర ఆగిపోవచ్చు. ఫైర్‌ఫాక్స్‌ని నేను ఎంచుకోవడానికి పెద్ద కారణం ఇదే. అది విండోస్ జాబితా మీద ఆధారపడదు, తన రూట్ సర్టిఫికెట్లను తనే మోసుకొస్తుంది. పాత మెషీన్‌కి ఇది చాలా పెద్ద మేలు.

మరి 115 ఎందుకంటే, విండోస్ 7, 8, 8.1 మీద నడిచే ఆఖరి ఫైర్‌ఫాక్స్ అదే. 2023 జూలైలో వచ్చింది. ఈఎస్ఆర్ అంటే కంపెనీల కోసం, స్కూళ్ళ కోసం ఎక్కువకాలం నిలబెట్టే రకం. కొత్త హంగులు చేర్చరు, భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రం ఇస్తుంటారు. మొదట 2024 సెప్టెంబర్‌లో ఆపేస్తామన్నారు, విండోస్ 7 వాడేవాళ్ళు ఇంకా ఉన్నారని ఆ గడువును ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పొడిగించారు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2020 జనవరి 14నే ఆపేసింది, డబ్బు కట్టే కంపెనీలకు కూడా 2023 జనవరి 10తో అయిపోయింది. క్రోమ్ కూడా 2023 జనవరిలో వచ్చిన 109తో విండోస్ 7ని వదిలేసింది. అందరూ వదిలేశాక కూడా ఒక బ్రౌజర్ ఇలా పట్టుకుని ఉండటం నాకు నిజంగా గొప్పగా అనిపించింది. మా నాన్నలాంటి వాళ్ళ గురించి ఆలోచించిన వాళ్ళెవరో ఆ ఆఫీసులో ఉన్నారనిపించింది.

దించుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సైట్‌లో ఉత్తి ఈఎస్ఆర్ అని చూసి నొక్కితే కొత్తది వచ్చే అవకాశం ఉంది. 2024లో వచ్చిన 128, 2025లో వచ్చిన 140 కూడా ఈఎస్ఆర్‌లే, కానీ అవి విండోస్ 7 మీద ఎక్కవు. 115 అనే అంకె చూసి మరీ తీసుకోండి. రెండోది, 32 బిట్టా 64 బిట్టా అన్నది. కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో చూస్తే మీ విండోస్ ఏదో తెలుస్తుంది. ఫైర్‌ఫాక్స్ అధికారికంగా అడిగేది 32 బిట్‌కి 512 ఎంబీ ర్యామ్, 64 బిట్‌కి 2 జీబీ. 2 జీబీ మాత్రమే ఉన్న మెషీన్‌లో, విండోస్ 64 బిట్ అయినా సరే, 32 బిట్ ఫైర్‌ఫాక్సే వేయడం మేలని నా అభిప్రాయం. తెలుగు మెనూలతో కూడా దొరుకుతుంది. నాన్నకు అదే వేశాను. నేను ఫోన్‌లో “ఫలానాది నొక్కండి” అన్నప్పుడు ఆయన తెర మీద ఉన్న తెలుగు మాట చదివి చెబితే ఇద్దరికీ తేలిక. కొన్నిచోట్ల ఇంకా ఇంగ్లీషే కనిపిస్తుంది, దానివల్ల ఇబ్బందేమీ రాలేదు.

వేయడం పావుగంట పని. రేడియో పేజీ తెరిచి ప్లే నొక్కాను. రెండు సెకన్లు ఏమీ లేదు, ఆ తర్వాత ఎవరో వీణ వాయిస్తున్న మధ్యలో నుంచి శబ్దం మొదలైంది. వంటింట్లోంచి అమ్మ “వచ్చిందా?” అని కేకేసింది. నాన్న ఏమీ అనలేదు, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

కూర్చున్న నిమిషానికే ముఖం చిట్లించారు. “తీగ సరిగ్గా లేదమ్మా, చూడు” అన్నారు. నాకు మామూలుగానే వినబడింది. చెవి స్పీకర్‌కి దగ్గరగా పెట్టి వింటే అప్పుడు తెలిసింది, మీటు పడినప్పుడల్లా పక్కన చిటచిటమని, ఆవాలు వేగుతున్నట్టు చిన్న శబ్దం. పేజీని పైకీ కిందకీ జరిపితే అది ఎక్కువవుతోంది. అంటే ప్రాసెసర్ మీద బరువు పెరిగినప్పుడల్లా పెరుగుతోందన్నమాట. ఇది బ్రౌజర్ తప్పు కాదు. ఈ ఒక్క విషయం కోసమైనా ఈ రివ్యూ చదవండని చెబుతాను, పాత లాప్‌టాప్‌ల గరగరకి నాకు తెలిసి ఇదే ముఖ్య కారణం.

కింద కుడిపక్క స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్లేబ్యాక్ డివైసెస్ తెరవండి. స్పీకర్స్ ఎంచుకుని ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్ అనే ట్యాబ్. అక్కడ డిఫాల్ట్ ఫార్మాట్ అని ఒక వరస ఉంటుంది. నాన్న మెషీన్‌లో అది 24 బిట్, 192000 హెర్ట్‌జ్, స్టూడియో క్వాలిటీ అని ఉంది. ఎవరో అంకె పెద్దదైతే శబ్దం బాగుంటుందనుకుని పెట్టి ఉంటారు. కానీ నెట్‌లో వచ్చే శబ్దం ఆ స్థాయిలో ఉండదు. సీడీ పాట 44100, ఈ మధ్య సైట్లు ఎక్కువగా వాడే ఓపస్ అనే ఆడియో రకం అయితే 48000. అక్కడ 192000 పెడితే వచ్చిన ప్రతి శబ్దాన్నీ విండోస్ ఆ పెద్ద అంకెకు సాగదీయాలి, సెకనుకి అన్నిసార్లు లెక్క కట్టాలి, ఆ పాత ప్రాసెసర్‌కి ఆ పని అందక మధ్యలో ఖాళీలు పడతాయి. ఆ ఖాళీలే చిటచిట. దాన్ని 16 బిట్, 48000కి మార్చాను. పక్కనే ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్‌లో హాల్లో పాడుతున్నట్టు, బేస్ పెంచినట్టు చేసే ఎఫెక్టులుంటాయి, వాటన్నిటినీ ఆపేసే గడిలో టిక్ పెట్టాను. బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్ళీ తెరిచాక నాన్న కళ్ళు మూసుకుని విన్నారు. ఈసారి ముఖం చిట్లించలేదు.

అక్కడ ఉండగానే అదే సౌండ్ కిటికీలో చివరనున్న కమ్యూనికేషన్స్ ట్యాబ్ కూడా చూడండి. మాకు దీని వల్ల ఒక వింత సమస్య వచ్చింది. అమెరికాలో ఉన్న తమ్ముడితో మాట్లాడేందుకు వేరే కాలింగ్ ప్రోగ్రామ్ ఒకటుంది, కాల్ మొదలైతే చాలు రేడియో నూతిలోంచి వస్తున్నట్టు సన్నగా అయిపోయేది, కొన్నిసార్లు కాల్ అయ్యాక కూడా అలాగే ఉండిపోయేది. విండోస్ 7లో కాల్ వచ్చినట్టు గమనిస్తే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమని ముందే పెట్టి ఉంటుంది. అక్కడ ఏమీ చేయవద్దు అనే అర్థమొచ్చే ఆఖరి దాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. అలాగే వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే ప్రతి ప్రోగ్రామ్‌కీ విడిగా ఒక స్లైడర్ కనిపిస్తుంది. ఒక్క బ్రౌజర్ స్లైడరే కింద ఉండిపోయి, మిగతావన్నీ మోగుతుంటే మనం ఎక్కడెక్కడో వెతుకుతాం. పాట నడుస్తుండగానే మిక్సర్ తెరవాలి, లేకపోతే బ్రౌజర్ గడి అక్కడ కనబడకపోవచ్చు. ఇంకొకటి, ఫైర్‌ఫాక్స్‌లో ప్రతి ట్యాబ్‌నీ విడిగా మ్యూట్ చేయొచ్చు, కంట్రోల్ పట్టుకుని ఎమ్ నొక్కితే మూగబోతుంది, అది పొరపాటున నొక్కుకుపోవడం పెద్ద వింతేమీ కాదు. ట్యాబ్ మీద స్పీకర్ బొమ్మకి అడ్డగీత ఉందేమో చూసుకోండి.

నాన్న పాత అలవాటు ఏమిటంటే, బ్రౌజర్ తెరవగానే రేడియో దానంతటదే మోగాలి. ఫైర్‌ఫాక్స్ వేశాక పేజీ వచ్చేది కానీ శబ్దం మొదలయ్యేది కాదు. మర్నాడు పొద్దున “మళ్ళీ పోయిందమ్మా” అని నన్ను లేపారు. పోలేదు. 2019 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 66 నుంచి, మనం ఏదీ నొక్కకుండా శబ్దంతో మొదలయ్యే వాటిని బ్రౌజర్ ఆపేస్తుంది. క్రోమ్ అంతకుముందు ఏడాదే ఆ పని మొదలుపెట్టింది. అర్ధరాత్రి ప్రకటనలు అరవకుండా ఉండటానికి పెట్టిన నియమం, మంచిదే. రేడియో ఒక్కదానికి మినహాయింపు ఇస్తే చాలు. అడ్రస్ బార్‌లో ఎడమ వైపు అడ్డగీతతో ఒక చిన్న ప్లే బొమ్మ కనిపిస్తుంది, దాన్ని నొక్కి ఆడియో, వీడియో రెండిటికీ అనుమతి ఇవ్వాలి. ఆ సైట్ వరకే అది గుర్తుంటుంది. అన్ని సైట్లకీ తెరిచిపెట్టకండి.

ఇప్పుడు క్రోమ్ 109 ఉంటే అది చాలదా అని అడిగేవాళ్ళ కోసం ఒక మాట. ఊరికే పాటల వీడియోలు చూడటానికి చాలానే ఉపయోగపడొచ్చు, కానీ రేడియో వినేవాళ్ళకు ఒక తేడా ఉంది. చిన్న చిన్న నెట్ రేడియోలు, గుళ్ళు, భజన మండళ్ళు నడిపేవి చాలావరకు పేజీని హెచ్‌టీటీపీఎస్‌కి (దారిలో ఎవరూ చూడకుండా తాళం వేసి పంపే పద్ధతికి) మార్చుకున్నా, శబ్దం వచ్చే లింకును పాత హెచ్‌టీటీపీలోనే వదిలేస్తుంటాయి. 2020లో వచ్చిన 80వ వెర్షన్ నుంచి క్రోమ్ అలాంటి ఆడియో లింకును తనే హెచ్‌టీటీపీఎస్‌గా మార్చి అడుగుతుంది, అవతల సర్వర్‌లో అది లేకపోతే ఇక శబ్దం రాదు. ఫైర్‌ఫాక్స్ ఈ పద్ధతిలోకి వచ్చింది 2024లో, 127తో. కాబట్టి 115లో ఆ పాత లింకులు ఇంకా పలుకుతాయి, తాళం బొమ్మ దగ్గర హెచ్చరిక గుర్తు ఒకటి కనబడుతుందంతే. నాన్నకు ఇష్టమైన ఒక హరికథల రేడియో ఇలాగే దొరికింది. భద్రత పరంగా చూస్తే క్రోమ్ చేసిందే సరైనది, కాదనను. అందుకే అలాంటి పేజీల్లో వినడమే తప్ప పేరూ పాస్‌వర్డూ కొట్టవద్దని నాన్నకు గట్టిగా చెప్పాను.

శబ్దం ఎక్కడ ఆగిందో తెలియకపోతే ఫైర్‌ఫాక్స్‌లోనే చూసుకునే చోటు ఒకటుంది, నాకు బాగా నచ్చింది అదే. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో అబౌట్ అని, ఖాళీ వదలకుండా కోలన్, ఆ వెంటనే సపోర్ట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. పొడుగాటి పేజీ వస్తుంది, భయపడక్కర్లేదు, కిందకి వెళితే మీడియా అనే భాగం ఉంటుంది. అందులో ఆడియో బ్యాకెండ్ ఎదురుగా వాసాపి (విండోస్‌లో శబ్దం వెళ్ళే దారి పేరు) అని ఉంటే విండోస్‌తో మాట మామూలుగానే కలిసినట్టు. కింద పట్టికలో మీ స్పీకర్లు, హెడ్‌ఫోన్లు, హెచ్‌డీఎంఐ వగైరా ఏవేవి పనిచేస్తున్నాయో, ఏవి తగిలించి లేవో, ఏది మొదటి ఎంపికో కనిపిస్తాయి. టీవీకి తగిలించి తీసేశాక కూడా హెచ్‌డీఎంఐయే మొదటి ఎంపికగా ఉండిపోతే శబ్దం అంతా అటే పోతుంది. ఇది చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. నాన్నను ఆ పట్టిక ఫోటో తీసి పంపమంటే ఇక్కడి నుంచే చెప్పగలుగుతున్నాను.

ఒక సైట్‌లో పాట వచ్చి ఇంకో సైట్‌లో రాకపోతే మాత్రం కోడెక్ (శబ్దాన్ని కుదించి, మళ్ళీ విప్పే పద్ధతి) సంగతి చూడాలి. ఎంపీ3, ఓపస్, వోర్బిస్, ఫ్లాక్ ఇవన్నీ ఫైర్‌ఫాక్స్ తనే విప్పి వినిపిస్తుంది. ఏఏసీ అనే రకానికి మాత్రం విండోస్‌లో ఉండే మీడియా ఫౌండేషన్ సాయం కావాలి. మామూలు విండోస్ 7లో అది ఉంటుంది. యూరప్‌లో కొన్న లాప్‌టాప్‌లలో కొన్నిటికి విండోస్ పేరు చివర ఎన్ అనే అక్షరం ఉంటుంది. 2004లో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన తీర్పు వల్ల మీడియా ప్లేయర్ తీసేసి అమ్మిన రకం అది. వాటిలో ఏఏసీ పలకదు, మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా ఫీచర్ ప్యాక్ వేయాలి. అక్కడ చదువుకోవడానికి వెళ్ళి, వస్తూ పాతది ఇంట్లో అమ్మానాన్నలకు వదిలేసిన పిల్లలుంటే ఈ విషయం గుర్తు పెట్టుకోండి.

దీనితో కానివీ ఉన్నాయి, దాచను. బ్రౌజర్‌లో పాటలూ వీడియోలూ ఆడించడానికి ఒకప్పుడు వాడిన ఫ్లాష్ అనే ప్రోగ్రామ్ 2020 డిసెంబర్ 31తో అయిపోయింది. దాన్ని నమ్ముకుని కట్టిన పాత సంగీతం సైట్లు కొన్ని ఇంకా నెట్‌లో అలాగే ఉన్నాయి, పేజీ ఉంటుంది, మధ్యలో బూడిదరంగు డబ్బా ఉంటుంది, పాట ఉండదు. ఏ బ్రౌజర్ మార్చినా అవి తిరిగి రావు. ఫ్లాష్ కోసమని పాత బ్రౌజర్ వెతికి వేసుకోవద్దు, ప్రమాదం. ఇంకా పాతకాలంలో రియల్ ఆడియో అనే ఫైలు రకంలో పెట్టిన కచేరీలు కూడా అంతే, కాకపోతే ఫైలు దించుకోగలిగితే వీఎల్‌సీలో చాలావరకు పలుకుతాయి. లైవ్ రేడియో లింకు చేతిలో ఉంటే వీఎల్‌సీలో కంట్రోల్ పట్టుకుని ఎన్ నొక్కి అక్కడ అతికించి వినొచ్చు, బ్రౌజర్‌తో పనే లేదు, ర్యామ్ కూడా చాలా తక్కువ తింటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీద ఉన్నప్పుడు నాన్న ఇప్పుడు అదే చేస్తున్నారు.

ఇప్పటికే ఫైర్‌ఫాక్స్ ఉన్నవాళ్ళు వెర్షన్ తప్పకుండా చూసుకోవాలి. సహాయం మెనూలో ఫైర్‌ఫాక్స్ గురించి అని ఉండే చోట అంకె కనిపిస్తుంది. 2025 మార్చి 14న మొజిల్లా వాడే ఒక రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది, 115.13 కంటే పాతవాటిలో ఆ రోజు నుంచి బ్రౌజర్‌కి తగిలించుకునే యాడ్-ఆన్‌లు ఆగిపోవడం, కాపీ రక్షణతో వచ్చే పాటలూ సినిమాలూ ఆడకపోవడం జరుగుతుంది. నిన్నటిదాకా వచ్చిన డబ్బు కట్టే పాటల సర్వీసు ఒక్కసారిగా మూగబోయిందంటే ముందు ఇది చూడండి. అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.

వేగం విషయం. 2 జీబీ మెషీన్‌లో ఆన్ చేసి మొదటిసారి ఫైర్‌ఫాక్స్ తెరిస్తే అర నిమిషం పైనే పడుతోంది. ఒకటి రెండు ట్యాబ్‌లు హాయిగా నడుస్తాయి, నాలుగోది తెరిస్తే డిస్క్ గిరగిరలాడుతుంది. రేడియో ఒక ట్యాబ్, పేపర్ ఒక ట్యాబ్, అంతవరకు నాన్నకు ఏ లోటూ లేదు. స్లీప్‌లో పెట్టి మళ్ళీ లేపినప్పుడు అప్పుడప్పుడు శబ్దం రాదు, లాప్‌టాప్ ఆడియో డ్రైవర్ పాతదవడం వల్ల అనుకుంటున్నాను, బ్రౌజర్‌ని మూసి తెరిస్తే వస్తోంది. బ్యాంకు పనులు, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ లాంటివి మాత్రం ఈ లాప్‌టాప్‌లో వద్దని చెప్పి, అవి అమ్మ ఫోన్‌లో పెట్టాను. బ్రౌజర్ ఎంత బాగున్నా కింద ఉన్న విండోస్‌కి మరమ్మతులు చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. ఈ 115 కూడా ఎల్లకాలం ఉండదు, ఆ రోజు వచ్చినప్పుడు విండోస్‌కి బదులు ఏదైనా తేలికపాటి లినక్స్ వేయాలని చూస్తున్నాను.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది దించుకునే చోట సరైన అంకె వెతుక్కోవాల్సి రావడానికి. వయసైనవాళ్ళు ఒంటరిగా చేసుకోవాలంటే అక్కడే తప్పిపోతారు, పక్కన ఎవరైనా ఉండాలి.

మొన్న ఫోన్ చేసినప్పుడు వెనక నాదస్వరం వినబడుతోంది. “గరగర ఉందా నాన్నా?” అంటే, “లేదు కానీ, పొద్దున్న తెరుచుకునేసరికి సగం పాట అయిపోతోందమ్మా” అన్నారు. ఉగాదికి వెళ్ళినప్పుడు ఇంకో 2 జీబీ ర్యామ్ పట్టుకెళ్ళి వేస్తాను.